సార్ లేని లోటు తీర్చలేనిది కాదు, తీర్చనివ్వడం లేదు

సార్ పోయి నెల దాటింది. మొన్న మండల కేంద్రంలో సంతాప సభ పెట్టారు. ఫ్లెక్సీ మీద సార్ ఫోటో, దానికి బంతిపూల దండ. మాట్లాడిన ఏడుగురిలో ఆరుగురు ఒకే మాట అన్నారు. "ఆయన లేని లోటు తీర్చలేనిది."

మర్యాదకు అనే మాటే అది. ఎవరు పోయినా అంటాం. కానీ వెనక వరసలో కూర్చున్న నాకు వింటున్నకొద్దీ కడుపు మండింది. ఎందుకంటే ఆ లోటు తీర్చగలిగినవాళ్ళు నా పక్కనే కూర్చుని ఉన్నారు. డి.ఎడ్ చేసిన ఇద్దరు, బి.ఎడ్ చేసిన ముగ్గురు. అందరూ టెట్ పాసైనవాళ్ళే. అందరిదీ ఇంట్లో కోయ భాషే. అందులో ఇద్దరు ఆ రోజు మిరప కోత కూలి మానుకుని సభకు వచ్చారు.

లోటు తీర్చేవాళ్ళు లేక కాదు. తీర్చనివ్వని ఏర్పాటు ఒకటి ఉంది. సంతాప సభలో దాని పేరు ఎవరూ ఎత్తలేదు. అందుకే ఇది రాస్తున్నా.

*

2018లో నేను మా గుంపు బడిలో విద్యా వాలంటీర్‌గా చేరాను. డిగ్రీ అయిపోయింది, ఇరవై ఒక్క ఏళ్ళు, తల నిండా పొగరు. సార్ అప్పటికి ఆ బడిలో పదేళ్ళకు పైగా ఉన్నారు. ఐదు తరగతులకు ఒకటే గది, ఒక వరండా, రేకుల కప్పు. వానాకాలం వాగు పొంగితే బయటి లోకంతో సంబంధం ఉండదు. సార్ ఇల్లు మాత్రం వాగుకు ఇవతలే, బడికి ఇరవై అడుగుల దూరంలో.

నా మొదటి వారంలో జరిగింది చెప్తా. సిగ్గుపడుతూనే చెప్తా.

ఒకటో తరగతి పిల్ల ఒకతె లేచి "ఏర్" అంది. మన కోయలో ఏర్ అంటే నీళ్ళని మీకు తెలుసు. నాకూ తెలుసు. అయినా నేను "తెలుగులో అడుగు. నీళ్ళు అనాలి" అన్నాను. ఆ పిల్ల అనలేకపోయింది. నేను ఇవ్వలేదు. కూర్చుంది. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టేదాకా మళ్ళీ నోరు తెరవలేదు.

మూడో తరగతి నుంచి హాస్టళ్ళలో పెరిగినవాణ్ణి నేను. కోయ మాట్లాడితే నవ్వేవాళ్ళు. నాకు అంటిన ఆ సిగ్గును తీసుకొచ్చి ఆరేళ్ళ పిల్లకు అంటించాను.

సార్ అంతా చూశారు. పిల్లల ముందు ఒక్క మాట అనలేదు. సాయంత్రం వాగు గట్టున బీడీ ముట్టించి, కోయలోనే మొదలుపెట్టారు. "తమ్ముడూ, ఇవాళ ఆ పిల్లకు నువ్వు తెలుగు నేర్పలేదు. దాహమేసినా అడగకూడదని నేర్పావు."

తర్వాత తన కథ చెప్పారు. సార్ ఒకటో తరగతిలో ఉన్నప్పుడు ఇలాగే "ఏర్" అన్నారట. మైదానం నుంచి వచ్చిన మాస్టారుకు అది 'ఏరు' అని వినబడింది. బడి ఎగ్గొట్టి ఏటికి పోతానంటావా అని బెత్తంతో కొట్టాడు. "నన్ను కొట్టినాయనకు కోయ రాదు. నీకు వచ్చు. ఇద్దరిలో ఎవరి తప్పు పెద్దది?" అని అడిగారు.

ఇప్పటికీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూనే ఉన్నా. ఈ వ్యాసం కూడా ఆ జవాబులో భాగమే.

*

సార్ దగ్గర రెండేళ్ళు పనిచేశా. ఏ ట్రైనింగ్ కాలేజీలోనూ చెప్పనివి అక్కడ నేర్చుకున్నా.

మార్చిలో ఇప్పపువ్వు రాలుతుంది. పిల్లలు తెల్లవారకముందే తల్లులతో అడవికి పోతారు. పది గంటలకు గానీ బడికి రారు. చాలా బళ్ళలో ఆ నెల రిజిస్టర్‌లో అబద్ధపు హాజరు వేస్తారు, లేదంటే పిల్లల పేర్లు కొట్టేస్తారు. సార్ రెండూ చేయలేదు. తొమ్మిదింటికి వచ్చిన నలుగురికి కథలు చెప్పేవారు. అందరూ వచ్చాక లెక్కలు మొదలుపెట్టేవారు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఇదేం పద్ధతని గద్దించాడు. "పువ్వు మన టైమ్‌టేబుల్ చూసి రాలదు సార్" అని ఈయన నెమ్మదిగా అన్నారు. ఆ ఏడాది మెమో వచ్చింది. దాన్ని మడిచి రిజిస్టర్‌లోనే పెట్టుకున్నారు.

లెక్కలు అంటే సంత. గదిలో ఒక పాత తక్కెడ ఉండేది. ఇంట్లో మానికతో కొలిచిన పువ్వును తెచ్చి పిల్లలతో తూయించేవారు. సంతలో వ్యాపారి ఎంత తూచాడు, తేడా ఎంత, ఆ తేడాకు డబ్బు ఎంత. మూడో తరగతి పిల్లాడు తీసివేత నేర్చుకుని వాళ్ళమ్మ తరఫున సంతలో తగాదా పెట్టుకున్నాడు. సార్ ఆ రోజు ఎంత సంతోషపడ్డారో నాకు గుర్తుంది.

సాయంత్రమైతే పెద్దవాళ్ళు వచ్చేవారు. పోడు పట్టా కాగితం, బ్యాంకు నోటీసు, ఫారెస్టువాళ్ళు ఇచ్చిన చీటీ. సార్ ప్రతిదీ ముందు తెలుగులో చదివి, తర్వాత కోయలో చెప్పేవారు. ఒక రోజు నేను తొందరపడి "ఏం లేదు పెద్దయ్యా, వేలిముద్ర వెయ్" అన్నాను. సార్ నా చేతిలోంచి కాగితం తీసుకుని మొదటి లైను నుంచి మళ్ళీ చదివారు. అరగంట పట్టింది. చదవని కాగితం మీద ఎవరి చేతా వేలు పెట్టించకూడదన్నది ఆయన నియమం.

ఇక సార్ బౌండు పుస్తకం. ఎడమ పేజీలో పిల్లల నోటి నుంచి వచ్చిన కోయ మాట, తెలుగు అక్షరాల్లో. కుడి పేజీలో దానికి తెలుగు, పక్కన ఏ పాఠంలో వాడుకోవచ్చో. ఒకటో తరగతి మొదటి నెలలు పూర్తిగా కోయలోనే నడిచేవి. రెండో తరగతికి రెండు భాషలూ. నాలుగుకు వచ్చేసరికి మా పిల్లలు తెలుగు పేపరు గడగడా చదివేవారు. "కోయలో మొదలుపెడితే వెనకబడిపోతారు" అని ఎవరన్నా అంటే, ఒక పిల్లను పిలిచి ఆ రోజు పేపరు చేతికిచ్చేవారు. వేరే వాదన చేసేవారు కాదు.

*

సార్ బడిలోకి ఎలా వచ్చారో కొత్త తరం తెలుసుకోవాలి.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు ఆదివాసీలకే అని 1986లో 275 నంబర్ జీవో వచ్చింది. కోర్టుల్లో అది నిలబడలేదు. తర్వాత 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. ఎందుకు తెచ్చారో ప్రభుత్వమే చెప్పుకుంది: ఏజెన్సీ బళ్ళకు టీచర్లు రావడం లేదని. గైర్హాజరు రోగానికి మందుగా వచ్చింది ఆ జీవో. మనమీద జాలితో ఇచ్చిన దానం కాదు. ఆ జీవో కింద జరిగిన డిఎస్సీల్లో ఒకదానిలోనే సార్‌కు ఉద్యోగం వచ్చింది. వాగు అవతలివాళ్ళు రాని బడికి వాగు ఇవతలి మనిషి దొరికాడు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం జీవో 3ను కొట్టేసింది. దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్న రోజులు. రోడ్డెక్కి నిరసన చెప్పే వీలు కూడా లేదు. సిగ్నల్ దొరికే గుట్ట మీద ఫోన్ పట్టుకుని ఆ వార్త చదివాను. తర్వాత సార్, నేను కలిసి ఆ పొడుగాటి తీర్పును రోజుకు కొన్ని పేజీల చొప్పున చదివాం. ఇంగ్లీషు నేను చదివేవాణ్ణి, సార్ ఆపి ఆపి అడిగేవారు.

నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధం అన్నారు. ఐదో షెడ్యూల్ కింద గవర్నర్‌కు ఉన్న అధికారం అంత దూరం పోదన్నారు. ఆదివాసీలకు ఆదివాసీలే చదువు చెప్పాలనడం ఏవగించుకోవాల్సిన ఆలోచన అని కూడా రాశారు. అప్పటిదాకా జరిగిన నియామకాలను మాత్రం తీసేయలేదు. కానీ ఒక షరతు పెట్టారు. రెండు తెలుగు రాష్ట్రాలూ మళ్ళీ ఇలా పరిమితి దాటి రిజర్వేషన్ ఇస్తే, 1986 నుంచి జరిగిన నియామకాలకు ఈ రక్షణ కూడా ఉండదని.

ఆ లైను దగ్గర సార్ చాలాసేపు మాట్లాడలేదు.

కొన్ని నెలల తర్వాత భద్రాచలంలో ధర్నాకు రమ్మని పిలిచాను. రానన్నారు. అప్పటికే నా వాలంటీర్ పని పోయింది, మళ్ళీ తీసుకోలేదు. కడుపులో ఉన్నదంతా కక్కేశా. "మీ ఉద్యోగం భద్రంగా ఉంది కదా సార్, మీకెందుకులే" అన్నాను. సార్ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయారు. రెండు నెలలు మేం మాట్లాడుకోలేదు.

మళ్ళీ కలిసినప్పుడు ఆయనే చెప్పారు. "నా ఉద్యోగం భద్రంగా లేదు తమ్ముడూ, తాకట్టులో ఉంది. నీకు రావాల్సిన ఉద్యోగం నీకిస్తే నాది పోతుందని రాశారు. నా అన్నం నీ నోటికి అడ్డం పెట్టారు. ఆ సిగ్గుతో నీ ముందుకు రాలేకపోయా."

సార్ నన్ను క్షమించారు. నేనే నన్ను ఇంకా క్షమించుకోలేదు.

*

ఇప్పుడు వాదనకు వస్తా. మనతో వాదించేవాళ్ళు మూడు మాటలు అంటారు.

మొదటిది: గిరిజనేతరులు చదువు చెప్పలేరా? ఎందుకు చెప్పలేరు! గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు సొంత ఖర్చుతో బళ్ళు పెట్టారు. ఆ భాషకు నిఘంటువు, వ్యాకరణం రాశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటారు. సభల్లో వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం చెప్తారు, సవర దగ్గరికి వచ్చేసరికి ఒక వాక్యంతో దాటేస్తారు. ఆయన కొండ పిల్లలకు పంతులు కాకముందు వాళ్ళ భాషకు విద్యార్థి అయ్యారు. అలా వచ్చేవాళ్ళకు మా గుంపుల్లో ఎప్పుడూ చోటుంది. భాష రాకుండా, ఊళ్ళో ఉండకుండా, బదిలీ కోసం రోజులు లెక్కపెట్టుకునే పద్ధతికే మేం వ్యతిరేకం.

రెండోది: ప్రతిభ. ఐదో తరగతి లోపు పిల్లలకు చదువు చెప్పే మనిషికి ఆ పిల్ల మాట అర్థం కావడం ప్రతిభ కాదా? రాజ్యాంగం 350ఎ అధికరణ ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయమంటుంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే అంటుంది. జీవో 3 పోయిన మూడు నెలలకే, 2020 జూలై 29న వచ్చిన జాతీయ విద్యా విధానం ఐదో తరగతి దాకా వీలున్నచోటల్లా ఇంటి భాషలో చెప్పమంది. జూలైలో భాష కావాలన్నారు. ఆ భాష వచ్చిన మనిషిని ఏప్రిల్‌లోనే గుమ్మం బయట నిలబెట్టారు. డిఎస్సీలో కోయ రాకపోతే ఒక్క మార్కూ తగ్గదు. వస్తే ఒక్క మార్కూ కలవదు.

మూడోది: 50 శాతం దాటకూడదు. ఆ గీత గీసిన 1992 నాటి ఇంద్రా సహానీ తీర్పే మారుమూల ప్రాంతాల ప్రజల విషయంలో, అసాధారణ పరిస్థితుల్లో కొంత సడలింపు అవసరం కావచ్చంది. వాగు పొంగితే బయటికి దారిలేని మా బడి అసాధారణం కాకపోతే ఇంకేది? 2022 నవంబర్‌లో ఆర్థికంగా వెనకబడినవాళ్ళ 10 శాతం కోటా కేసులో అదే సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు 50 శాతాన్ని దాటడాన్ని ఒప్పుకుంది. మరి ఆ గీత కొందరికి గడప, మాకు గోడ ఎట్లా అయింది?

ఇది కొత్త కోరికేమీ కాదు. కుమ్రం భీము 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక, గోండుల కోపానికి కారణం ఏందో చూడమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండులకే టీచర్ ట్రైనింగ్ మొదలైంది. గోండిలో వాచకాలు తయారయ్యాయి. గోండు పిల్లల బడికి గోండు పంతులు కావాలని రాజరికంలోనే అర్థమైంది. ప్రజాస్వామ్యంలో దానికోసం దరఖాస్తు పెట్టుకోవాల్సి వస్తోంది.

*

ఈ మాటలన్నీ అధికారులకే కాదు. మనకూ కొన్ని ఉన్నాయి. సార్ ఉంటే ఇవే ముందు చెప్పమనేవారు.

జీవో 3 కింద ఉద్యోగాలు వచ్చిన మనవాళ్ళందరూ సార్ లాంటివాళ్ళు కారు. పట్నంలో ఇల్లు కట్టుకుని, బైకు మీద పదకొండింటికి వచ్చి మూడింటికి పోయేవాళ్ళు మనలోనూ ఉన్నారు. తమ పిల్లలతో ఇంట్లో ఒక్క కోయ మాట మాట్లాడనివాళ్ళు ఉన్నారు. ఎదుటివాళ్ళు మన మీద వేసే రాయి మన చేతులతోనే అందించాం. సార్ అనేవారు: "జీవో 3 మనకు ఉద్యోగం ఇవ్వడానికి రాలేదు. పిల్లలకు మాస్టారిని ఇవ్వడానికి వచ్చింది. మనం మొదటిది గుర్తుపెట్టుకుని రెండోది మర్చిపోయాం."

నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే. మొదటి వారంలో నీళ్ళివ్వనిది నేనే కదా. కోయ ఇంట్లో పుట్టినంత మాత్రాన కోయ పిల్లలకు టీచర్ అయిపోం. పుట్టుక గుమ్మం దాకా తెస్తుంది, లోపల పని మాత్రం నేర్చుకోవాలి. సార్ నాకు నేర్పింది ఆ పని.

*

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. "జీవో 3 తెస్తాం" అని ఎన్నికల సభలో అరిచి, గెలిచాక న్యాయ సలహా అని దాటేసే నాయకులను ఇక నమ్మకూడదు. ఎట్లా తెస్తారో అడగాలి.

ఏజెన్సీ ప్రాథమిక బడిలో పోస్టుకు ఆ ప్రాంత పిల్లల భాష రావడం తప్పనిసరి అర్హత కావాలి. కాగితం సర్టిఫికెట్ చాలదు, పిల్లలతో మాట్లాడించి చూడాలి. ఇది ఏ కులానికీ, తెగకూ తలుపు మూయదు. ఏ కోర్టుకైనా చెప్పుకోగలిగిన న్యాయం.

ఐదో షెడ్యూల్ 5(2) పేరా కింద షెడ్యూల్డ్ ప్రాంతాలకు రెగ్యులేషన్లు చేసే అధికారం గవర్నర్‌కు ఉంది. మన భూమిని కాపాడుతున్న 1/70 అట్లా వచ్చిందే. బడి కోసం కూడా ఆ దారిలో ఏం చేయొచ్చో గిరిజన సలహా మండలి కూర్చుని తేల్చాలి. ఏం తేల్చారో బయటపెట్టాలి.

ఇక సార్ ఖాళీ. దాన్ని డిప్యుటేషన్లతో నెట్టుకొచ్చి, పిల్లలు తగ్గారని చూపించి, చివరికి తాళం వేసే ఆట ఆడొద్దు. ఆ ఆట మేం చాలా గుంపుల్లో చూశాం.

*

ఇప్పుడు మా బడికి డిప్యుటేషన్ మీద ఒక మేడం వస్తున్నారు. పట్నం నుంచి, రెండు బస్సులు మారి, చివర నాలుగు కిలోమీటర్లు నడిచి. మంచి మనిషి. ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. మొదటి వారం గడిచాక నన్ను పిలిచి, "అన్నా, పిల్లలు ఏమడుగుతున్నారో నాకు తెలియట్లేదు. చిన్నపిల్లలు ఏడుస్తుంటే నాకూ ఏడుపొస్తోంది" అంది.

సార్ పోయే ముందు నెలలో బౌండు పుస్తకం నా చేతికిచ్చారు. అప్పుడెందుకిచ్చారో నాకు అర్థం కాలేదు. దాన్ని జిరాక్స్ తీయించి మేడంకు ఇచ్చాను. మొదటి పేజీలో మొదటి మాట 'ఏర్'. పక్కన 'నీళ్ళు'. దాని కింద సార్ రాసుకున్నది: "అడగగానే ఇవ్వాలి. తర్వాత నేర్పొచ్చు."

మేడం అది చదివి, లేచి వెళ్ళి బిందె దగ్గర గ్లాసులు పెట్టించింది.

కానీ ఆ పుస్తకం టీచర్ కాదు. డిప్యుటేషన్ మూడు నెలలకు అయిపోతే ఆమె వెళ్ళిపోతుంది. తర్వాత ఇంకొకరు, మళ్ళీ మొదటి పేజీ నుంచి. పిల్లలు మాత్రం ఐదేళ్ళే ఆ బడిలో ఉంటారు.

అన్నలారా, అక్కలారా, తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! సంతాప సభలో ఇచ్చిన శాలువా సార్ ఇంటి పెట్టెలో ఉంది. ఆయనకు అది అక్కర్లేదు. మీ గుంపు బడిలో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో, ఉన్న టీచరుకు పిల్లల భాష వచ్చో రాదో, ఎన్ని గంటలకు వచ్చి ఎన్నింటికి పోతున్నారో రాసి గ్రామసభలో తీర్మానం చేయించండి. పీసా చట్టం 1996 నుంచి ఉంది, దాన్ని వాడండి. టీచర్ ఉద్యోగంలో ఉన్న మనవాళ్ళు ఈ వారం నుంచి టైముకు బడికి పోండి. చదువుకుని కూలికి పోతున్న మీరు, మీ ఇంటి చిన్నపిల్లల నోటి మాటలు ఒక పుస్తకంలో రాయడం ఇవాళే మొదలుపెట్టండి. కోయ అయినా, గోండి అయినా, కువి అయినా, సవర అయినా.

సార్‌ను డోలు కొట్టుకుంటూ తీసుకుపోయిన రోజు బడి పిల్లలందరూ వచ్చారు. నేను నీళ్ళివ్వని ఆ పిల్ల ఇప్పుడు ఎనిమిదో తరగతి, హాస్టల్ నుంచి వచ్చింది. నన్ను చూసి, "అన్నా, నేను టీచర్ అవుతా. సార్ బడికే వస్తా" అంది. కోయలోనే అంది.

ఆ పిల్ల డి.ఎడ్ చేసి వచ్చేనాటికి గుమ్మం తెరిచి ఉంచడం మన పని.

జోహార్ సార్.

జై ఆదివాసీ.